బొట్టుకు ఒక జాగ, బోల్టుకు ఒక జాగ

సారు పోయారన్న కబురు అందేసరికి నా నోట్లో పళ్లపొడి ఉంది. పెరటి గోడ అవతల నుంచి పంతులమ్మ తల ఒక్కటే కనిపించింది. పంతులమ్మ అంటే సారు భార్య, మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. "బిడ్డా, సారు లేస్తలేడు. జర రా" అంది. ఏడుపు లేదు, కేక లేదు. పప్పు మాడుతోంది చూడు అన్నట్టుగా అంది. నేను ఉమ్మేసి, మూతి తుడుచుకోకుండానే గోడ దూకాను. సారును దవాఖాన నుంచి మొన్ననే ఇంటికి తెచ్చుకున్నాం. మంచం పక్క స్టూలు మీద చాయ్ సాసర్‌లో పోసి ఉంది, మీద మీగడ కట్టి ఉంది. సారు చెయ్యి ఆ సాసర్ దిక్కే చాచి ఉంది.

మరునాడు సమాధుల తోటలో జరిగినదాన్ని నేను మర్యాదగా రాయలేను. చదివేవాళ్లు క్షమించాలి. కంప మిషన్ల షెడ్డు సేటు, సారు చివరి ఏళ్లన్నీ ఎవరి దగ్గర పనిచేశారో ఆ సేటు, శవపెట్టె కంటె పెద్ద బంతిపూల దండ తెచ్చాడు. పాస్టరు ప్రార్థన ముగించగానే ఎవరూ అడగకుండానే ముందుకొచ్చి, "సారు మా మిషన్లకు పానం అసొంటోడు, దేవుడసొంటోడు" అని కండువాతో కళ్లొత్తుకున్నాడు. అదే కండువాతో చెమట తుడుచుకుంటూ గేటు దగ్గర నన్ను ఆపాడు.

"అమ్మా, కొత్త మిషను తయారైంది. సారు పేరు మీద పెడ్తున్న. ముంగట ఇత్తడి పలక ఉంటది గద, దాని మీద సారు పేరు చెక్కిచ్చిన."

నా గుండె ఒక్క క్షణం మెత్తబడింది. అంతలోనే అన్నాడు: "ఆ బోల్టుల కథ మాత్రం ఇగ వద్దనుకుంటున్న. కత్తులు వెల్డింగు కొట్టిపిచ్చిన. సారున్నన్ని రోజులు ఆయన మాట తీసెయ్యలేకపోయిన. ఏమంటవ్?"

అప్పుడు నా నోట్లో ఒక్కటే మాట ఉంది. అది నా మాట కాదు, సారు మాట. గలీజు.

ఆ మాటను సారు వాడినట్టు ఇంకెవరూ వాడగా నేను వినలేదు. మన దగ్గర మురికిని గలీజు అంటాం, బూతును గలీజు అంటాం. సారుకు మురికి గలీజు కాదు. గ్రీజు, మసి, పేడ, తుమ్మ బంక, వీటన్నిటినీ ఒకే చొక్కా మీద మోసిన మనిషి. "మట్టి కడుగుతె పోతది బిడ్డా. సగం జేసి ఇడిచిపెట్టిన పని కడుగుతె పోదు. గది గలీజు" అనేవారు. చర్చిలో బెంచీ కీలు కిర్రుమంటే గలీజు. పెళ్లిలో మడత కుర్చీ రివెట్టు ఊడివస్తే, పాస్టరు పెళ్లికొడుకుతో ప్రమాణం చేయిస్తున్నా సరే, గలీజు అని పైకే అనేవారు. పంతులమ్మ మోచేత్తో పొడిచేది. పెళ్లికొడుకు తననే అన్నారనుకుని ఎర్రబడేవాడు.

సారు ఐటీఐలో ఫిట్టరు ఇన్‌స్ట్రక్టరు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేకపోయారు. నేను డిగ్రీ చేసి ఊరికే కూర్చోలేకపోయాను. గోడకు ఇటు నేను ఫిజిక్స్ పుస్తకాలు తిరగేస్తూ, పెన్సిళ్లు కొరుకుతూ, కనిపించిన ప్రతి దరఖాస్తూ పెడుతూ ఉండేదాన్ని. అటు ఆయన ఇంట్లో ఉన్న ప్రతి తాళమూ విప్పి బిగిస్తూ ఉండేవారు. ఒకరోజు గోడ మీద నుంచి, "బిడ్డా, ఖాళీగున్నవా? జర టేపు కొస పట్టుకో" అన్నారు. ఆ టేపు కొస పట్టుకునే పరకాల రోడ్డు మీదికి, మిషన్లు చూడమని సారును పిలిచిన సేటు షెడ్డు దాకా పోయాను. మా అమ్మకు ఇష్టం లేదు. "చదువుకున్న పిల్ల, మిషన్ల షెడ్డుకు పోవుడేంది" అంది. చదువుకున్న పిల్ల ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

సేటు కంప మిషన్లు తయారు చేసి అమ్ముతాడు, ఒకటి తన షెడ్డులోనే నడుపుతాడు. చెరువు కట్టల మీద కొట్టిన సర్కారు తుమ్మ, చేలలో పీకిన పత్తి కట్టె బండ్ల మీద వస్తాయి. ఆడవాళ్లు దాన్ని మిషను నోట్లోకి తోస్తారు. లోపల తిరిగే ఇనుప దిమ్మె చుట్టూ కత్తులుంటాయి. ముక్కలై బయటపడ్డది ఇటుక బట్టీలకు, మిగిలిన పొట్టు ఎరువు గుంతలకు పోతుంది. చెప్పుకోవడానికి ఇంతే. వాసన మాత్రం చెప్పడానికి రాదు. పచ్చి తుమ్మ రసం, కాలిన డీజిలు, వానకు నాని తెల్ల బూజు పట్టిన పొట్టు, వాటి మధ్యనే ఆడవాళ్ల సద్దిమూటలు. మొదటి రోజు ఇంటికొచ్చి రెండుసార్లు తలస్నానం చేశాను. వాసన వెంట్రుకల్లో కాదు, గొంతులో ఉండిపోయింది.

ఆ రోజే మిషను నోరు మూసుకుంది. కత్తులు మొద్దుబారిపోతే అవి కోయవు, నములుతాయి. నమిలిన పీచు దిమ్మె చుట్టూ జడ అల్లినట్టు చుట్టుకుంటుంది. సారు ఇంకా మూత దగ్గరికి చేరకముందే ఒక ఆడమనిషి, లచ్చవ్వ, మోటరు పూర్తిగా ఆగకుండానే లోపలికి చెయ్యి పెట్టి ఆ పీచును లాగడం మొదలుపెట్టింది.

"చెయ్యి తియ్యి!" సారు అరిచిన అరుపుకు షెడ్డు రేకులు మోగాయి.

లచ్చవ్వ తాపీగా చెయ్యి తీసి మాకు చూపించింది. చివరి రెండు వేళ్లు లేవు. "ఇదివరకే తిన్నది సారూ. దీని కడుపు నిండింది, ఇగ నన్నేం జెయ్యది."

"ఎట్ల పోయినయి?" అన్నాను నేను.

"గిట్లనే పోయినయి. నాకు లెక్క ఇగ ఎనిమిది దాకనే వస్తది బిడ్డా, పది దాక అడగకు."

పక్కనున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. అది వాళ్లలో పాత హాస్యం అయిపోయిందన్నమాట. సారు నవ్వలేదు. వంగి దిమ్మె మీది కత్తులను వేలితో తట్టి, చెవి ఆనించి విన్నారు. ఆయన ఏ ఇనుమునైనా ముందు తట్టి వినేవారు, డాక్టరు వీపు తట్టినట్టు. కత్తులన్నీ దిమ్మెకు వెల్డింగు చేసి ఉన్నాయి. అరిగితే గ్యాసుతో కోసి, సానబట్టి, మళ్లీ అతికించాలి. అంటే మిషను మొత్తం పడుకోవాలి. అందుకని ఎవరూ అరిగినా మార్చరు, మొద్దు కత్తులతోనే నడుపుతారు. కొనుక్కుపోయిన రైతులకైతే మిషనును మళ్లీ సేటు దగ్గరికే మోసుకురావడం తప్ప దారి లేదు. సేటుకు అది బాగానే ఉంది.

"ఆ వేళ్లు పోయినంక ఏం జేసినవ్ సేటూ?" అని సారు అడిగారు.

"చెయ్యకేం సారూ! మిషనుకు దిష్టి తగిలింది. ఇదివరకు దసరాకే పూజ జేసేటోన్ని. ఇప్పుడు అమాసకు అమాసకు మిషను మీద కాయ కొడ్తున్న."

సారు నా వైపు తిరిగి, వినపడేటట్టే అన్నారు: "గలీజు."

మరునాటి నుంచి సారు ఇంటి అరుగు కొత్త కత్తికి పురుడు పోసింది. మొదటి నమూనా ఇనుముతో కాదు, సబ్బుతో. ఎర్రటి స్నానం సబ్బును నలుచదరపు పలకగా చెక్కి, నడుమ మేకుతో బొక్క పెట్టారు. పంతులమ్మ గచ్చు మీద నిలబడి, "ఒళ్లు రుద్దుకునే సబ్బుల నీ మిషన్లేందయ్యా? నేను దేంతోని తానం జెయ్యాలె?" అని అరిచింది. "నువ్వు తానం జెయ్యకున్నా మంచిగనే ఉంటవ్" అన్నారు సారు తల ఎత్తకుండా. నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

"సబ్బు ఒక దిక్కు అరిగితే ఏం జేస్తవ్ బిడ్డా?" అని అడిగారు నన్ను.

"తిప్పి రుద్దుకుంటా."

"మరి కత్తిని ఎందుకు తిప్పుతలేరు?"

అదీ ఆయన కత్తి. నాలుగు అంచులున్న చిన్న పలక. దిమ్మెలో దానికొక గూడు. గూట్లో కూర్చోబెట్టి నడుమ ఒక్క బోల్టు బిగిస్తే చాలు. ఒక అంచు మొద్దుబారితే బోల్టు వదులు చేసి పక్క అంచు బయటికి తిప్పాలి. నాలుగూ అయిపోతే ఆ పలకను తీసి కొత్తది పెట్టుకోవాలి. దిమ్మె కదలకుండా ఆపడానికి పక్క నుంచి దూర్చే ఒక చీల. పొడుగాటి పానా, చెయ్యి ఎప్పుడూ మూత బయటే ఉండేటట్టు. "దెబ్బ గూడు తినాలె, బోల్టు తినద్దు. బోల్టు పని పట్టుకునుడే, కొట్లాడుడు కాదు" అని నాతో బొమ్మ గీయించారు. గూడు గోడ కత్తి వీపుకు సరిగ్గా ఆనకపోతే భారం బోల్టు మీద పడుతుందని నాకు అప్పుడర్థమైంది. కాలేజీలో అదే సంగతి ఇంగ్లీషులో రాసి మార్కులు తెచ్చుకున్నాను గాని, ఇనుము మీద ఎన్నడూ చూడలేదు.

కత్తులకు లారీ కమాను పట్టీలు. పాతవి ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. బోల్టు విషయంలో ఆయనకు ఒక్కటే షరతు: "పరకాలల దొరకని బోల్టు నా మిషన్ల ఉండద్దు." దొరకని సామానంతటికీ ఆయన పెట్టిన పేరు హైదరాబాదు బోల్టు. నన్ను చూడడానికి ఒక సంబంధం వచ్చినప్పుడు, గోడ మీద నుంచి ఆ అబ్బాయి బూట్లను, కళ్లద్దాలను ఒకసారి చూసి, "హైదరాబాదు బోల్టు బిడ్డా. ఊడితే మళ్ల దొరకది" అన్నారు. మా అమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆయన తప్పు చేయని మనిషి అని రాస్తే అది కూడా గలీజే అవుతుంది. మొదటి జత కత్తులను కొలిమిలో ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, అంతటితో ఆపేశారు. ఆకురాయి పెడితే జారిపోతోంది. ఇంత గట్టి కత్తి వరంగల్లు చూసి ఉండదని మీసం మీద చెయ్యి వేశారు. మర్నాడు తుమ్మ మొద్దులో ఇరుక్కున్న రాయి ఒకటి లోపలికి పోయింది. టప్పుమని చప్పుడు. కత్తి ముక్క ఒకటి షెడ్డు రేకును చీల్చుకుని పోయింది. మోటరు ఆపాక చూస్తే రేకు బొక్కలోంచి ఎండ నేల మీద రూపాయంత పడుతోంది. ఆ బొక్కకు రెండడుగుల దూరంలో లచ్చవ్వ తట్ట పట్టుకుని నిలబడి ఉంది.

సేటు నోటికొచ్చింది అన్నాడు. సారు స్టూలెక్కి ఆ బొక్కలో వేలు పెట్టి చూశారు. దిగి, "గలీజు. ఈ గలీజు నాది" అన్నారు. ఆ పూట చాయ్ ముట్టలేదు.

ఆ తర్వాత కత్తులను ముంచినాక మళ్లీ సన్నటి సెగ మీద కాల్చడం మొదలుపెట్టారు. నన్ను కొలిమి పక్కన కూర్చోబెట్టి రంగులు చూడమన్నారు. తెల్లగా రుద్దిన ఇనుము మీద ముందు తంగేడు పువ్వు రంగు పాకుతుంది. తర్వాత బెల్లం రంగు. తర్వాత నేరేడు పండు. ఆ నేరేడు పండు రంగు దగ్గర తీసెయ్యాలి. దాటితే మెత్తబడుతుంది, ముందే తీస్తే పెళుసవుతుంది. "వట్టిగ గట్టిగున్నది గాజు. దెబ్బ తిని నిలవడ్డది కత్తి" అన్నారు. నా కళ్లు పొగకు మండుతున్నాయి. "ఇప్పుడు!" అని నేను అరిచినప్పుడల్లా ఆయన పట్కారుతో లాగేవారు. డిగ్రీ చేతికొచ్చాక నా మాట మీద ఒక పని జరగడం అదే మొదటిసారి.

ఆ కత్తులు నిలిచాయి. సారు పరీక్ష ఒకటుండేది: చాయ్ పోసి పక్కన పెట్టాలి, అది చల్లారేలోపల కత్తులన్నీ తిప్పి మూత మూయాలి. మొదట ఆయన తిప్పారు, తర్వాత నేను, ఆ తర్వాత లచ్చవ్వ పానా లాక్కుంది. "ఎనిమిది వేళ్లున్నా పానా పట్టొస్తది, చూడు" అంది. ఆ వానకాలమంతా ఎవరూ లోపల చెయ్యి పెట్టలేదు. పెట్టాల్సిన పని పడలేదు. సారు కత్తులు పెట్టిన మిషన్లు పాలకుర్తి దిక్కు, పాలంపేట దిక్కు పోయాయి. కొనుక్కుపోయినవాళ్లు మళ్లీ రాలేదు. మిషను బాగుంటే మనిషి మళ్లీ రాడని, అది సేటుకు నచ్చలేదని నేను కొంచెం ఆలస్యంగా కనిపెట్టాను.

దసరా పోయాక ఒక పొద్దున బోల్టులు కదలలేదు. ఒక్కటి కాదు, పైవరసవన్నీ. లచ్చవ్వ పానా మీద నిలబడ్డా తిరగలేదు. సమ్మెటతో కొడితే ఒకదాని తల ఊడింది. బండ్ల మీద కంప వచ్చి నిలబడింది, సేటు తొందరపెట్టాడు, మొద్దు అంచులతోనే మోటరు వేశారు. గంట తిరక్కముందే దిమ్మెకు పీచు చుట్టుకుంది. మేం పోయేసరికి లచ్చవ్వ చెయ్యి మళ్లీ లోపల ఉంది.

"చెప్పిన గద సారూ" అన్నాడు సేటు, ఎంత సంతోషంగా అన్నాడో. "బోల్టు అన్నంక తుప్పు పడ్తది. వెల్డింగుకు తుప్పు ఫికర్ లేదు."

సారు వినలేదు. ఊడిన బోల్టు గుంతలోంచి గోరుతో ఎర్రటి తుప్పు గీకి, దాన్ని నాలుక మీద పెట్టుకున్నారు. తుమ్మ బంక, గ్రీజు, ఎవరెవరి చేతుల చెమటో! ఆయన కళ్లు మూసుకుని, పంతులమ్మ పులుసు ఉప్పు చూసినట్టు చప్పరించారు.

"తియ్యగున్నది" అన్నారు.

"ఏంది సారూ?" అంది లచ్చవ్వ.

"కొబ్బరి నీళ్లు."

అప్పుడు నేను చూశాను. మిషను మూత తెరిచి, లోపల దిమ్మె మీదనే, వరసగా ప్రతి కత్తికీ పసుపు, దాని మీద కుంకుమ పెట్టారు. పూజ కత్తులకు కదా. కాయ కొట్టింది కూడా దిమ్మె మీదనే. నీళ్లు తిన్నగా బోల్టు గుంతల్లోకి పోయాయి, పసుపు ముద్ద మీద నుంచి మూత వేసింది. అమాస పూజయితే మర్నాడే మిషను నడిచేది, తడి ఆరేది; దసరా పూజ చేసిన మిషనును మూడు రోజులు ముట్టుకోరు. లోపల తడి నిమ్మళంగా తన పని తాను చేసుకుంది. వేళ్లు పోయినందుకు భయపడి కాయ కొడతారు, కొట్టిన కాయకు బోల్టు తుప్పుపట్టి బిగుసుకుంటుంది, బోల్టు బిగుసుకుంటే మళ్లీ వేళ్లు లోపలికి పోతాయి. అక్కడున్న ఒక్కరికీ చెడ్డ బుద్ధి లేదు. అందుకే నాకు ఇంకా అసహ్యం వేసింది. ఎవరి మీద ఉమ్మాలో తెలియని అసహ్యం.

"మిషను మీద కాయ కొట్టుడు బంజెయ్యాలె" అన్నారు సారు.

సేటు గొంతు మార్చాడు. "సారూ, నువ్వు కిరస్తానీవి. మా పూజ నీకు మంచిగనిపియ్యకపోతె పోనీ. ఒద్దనే మాట మాత్రం అనకు."

ఆడవాళ్లు కూడా తలలు దించుకున్నారు. చివరికి లచ్చవ్వ కూడా. సారు మొహం తెల్లబోయింది. ఆయన బోల్టు గురించి మాట్లాడారు, విన్నవాళ్లకు దేవుడి గురించి వినపడింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నారు. "వాళ్లు మూర్ఖులు సారూ" అన్నాను నేను. అప్పుడు మాత్రం నా వైపు తిరిగి కోపంగా చూశారు. "మూర్ఖులు గాదు. మొక్కేటందుకు జాగ లేక బోల్టుకు మొక్కిండ్రు. జాగ ఇయ్యంది ఎవరు? నేను. మిషను గీసినోన్ని నేను గద."

మిగతావన్నీ మరిచినా నేను ఆ మాట మరవను.

వారం తిరగకముందే షెడ్డుకు ఒక ఇత్తడి పలక తెచ్చారు. దాన్ని మూత ముందు భాగాన, మనిషి కళ్ల ఎత్తులో రివెట్లతో బిగించారు. కింద చిన్న తొట్టి, తొట్టికి ఒక ముక్కు. నీళ్లు పోస్తే ఆ ముక్కులోంచి మిషనుకు దూరంగా నేల మీద పడతాయి. పక్కన కాయ కొట్టడానికి ఒక రాయి పాతించారు. ఆడవాళ్లందరినీ పిలిచి, ఐటీఐలో పాఠం చెప్పిన గొంతుతో చెప్పారు:

"ఇది బొట్టుకు జాగ. లోపలిది బోల్టుకు జాగ. దేవునికి బొట్టు పెట్టుండ్రి, నా బోల్టుకు పెట్టకుండ్రి. పూజ కంటె ముందు లోపల గ్రీజు పెట్టాలె, మూత మూసినంకనే కాయ కొట్టాలె. సమజైందా?"

లచ్చవ్వ పలకను అటూ ఇటూ చూసింది. అందులో తన మొహం కనిపిస్తోంది. "మంచిగున్నది. మిషనుకు నొసలు పెట్టినవ్" అంది. తర్వాత కొంటెగా, "గని సారూ, నువ్వు ప్రభువోనివి. మా దేవునికి నీకెందుకింత చాకిరి?"

"మా ప్రభువు సుత వడ్లోళ్ల కట్టెపని జేసినోడేనమ్మా. కట్టె సంగతి, చేతుల సంగతి ఆయనకెరుకే. ఏమనడు."

అందరి కంటె ముందు లచ్చవ్వ బొట్టు పెట్టింది. సేటు వెనక నుంచి చూస్తూ, ఆ పలక తనకే తట్టినట్టు, "నేను ఎప్పటిసంది అనుకుంటున్న" అన్నాడు. సారు ఆ మాట విని నా వైపు చూసి కన్ను కొట్టారు.

ఈ ఏడు సారుకు దగ్గు ఎక్కువైంది. అన్నేళ్ల కొలిమి పొగ, షెడ్డు పొట్టు, ఛాతీలో ఎక్కడో చేరి కూర్చున్నాయని డాక్టరు చెప్పాడు. దవాఖానలో పడుకుని కూడా గ్లూకోజు సీసా వేలాడే కడ్డీ మర అరిగిపోయిందని నర్సుకు చూపించి, "గలీజు" అన్నారు. ఆమె తన చీర మీద ఏదైనా మరక పడిందేమోనని వంగి చూసుకుంది. నేను వెళ్లినప్పుడల్లా ఒక్కటే అడిగేవారు, ఊపిరి అందకపోయినా: "నాలుగో అంచు తిప్పిండ్రా?" షెడ్డులో నడిచే పాత మిషను కత్తులు మూడో అంచు మీద ఉన్నాయి. "ఇంకా లేదు సారూ, మూడోదే మంచిగ కోస్తాంది" అంటే, తృప్తిగా కళ్లు మూసుకునేవారు.

సమాధుల తోటలో సేటు చెప్పిన కొత్త మిషనును సోమవారం షెడ్డులో చూశాను. దానికి పచ్చ రంగు పూసి, బంతిపూల దండ వేశారు. ముందు ఇత్తడి పలక, తళతళలాడుతోంది. దాని మీద సారు పేరు, కింద తొట్టి, ముక్కు, అన్నీ సారు పెట్టినట్టే. నేను మూత ఎత్తాను. లోపల కత్తులన్నీ దిమ్మెకు వెల్డింగు చేసి ఉన్నాయి, పుండు మానిన మచ్చల్లాంటి ఉబ్బెత్తు గీతలు. ఒక్క గూడు లేదు, ఒక్క బోల్టు లేదు. బోల్టును కాపాడడానికి పుట్టిన పలక, బోల్టు లేని మిషను మీద, సారు పేరుతో. చచ్చిన మనిషి నోట్లో అబద్ధం పెట్టడమంటే ఇదే. వీళ్లు దండలు వేస్తారు, పేర్లు చెక్కిస్తారు, మనిషి జీవితమంతా దేని కోసం కొట్లాడాడో దాన్ని మాత్రం మూత కింద తీసి పారేస్తారు. ఆ క్షణాన ఆ పలక మీద ఉమ్మాలనిపించింది. సారు పేరుందని ఊరుకున్నాను.

"ఏంది అమ్మా, గట్ల చూస్తున్నవ్? మంచిగ లేదా?" అన్నాడు సేటు. కాయ, అగరువత్తులు సిద్ధంగా పెట్టుకున్నాడు. "లచ్చవ్వా, మొదటి బొట్టు నువ్వే పెట్టాలె. సారుకు నువ్వంటే పానం."

లచ్చవ్వ కుంకుమ వేలితో తీసుకుని వచ్చింది. పలక దాకా వచ్చి ఆగింది. నేను ఎత్తిపట్టుకున్న మూతలోకి వంగి చూసింది. తన మూడు వేళ్ల చేత్తో ఆ వెల్డింగు గీత మీద అటు నుంచి ఇటు తడిమింది.

"బోల్టేది సేటూ?"

"బోల్టెందుకు? గట్టిగ అతికిపిచ్చిన. వందేండ్లుంటది."

"అరిగితె?"

"అరిగినప్పుడు చూద్దాం తియ్యి."

లచ్చవ్వ వేలి మీది కుంకుమను పలకకు పెట్టలేదు. తన కొంగు చివరకు తుడుచుకుంది. "సారు పేరున్నది గని, దీంట్ల సారు లేడు" అంది. కోపంగా కాదు. ఇంటికి పోతే మనిషి లేడు, తాళముంది అన్నట్టుగా. "నేను దీంట్ల కంప పెట్ట సేటూ. నావి ఎనిమిదే ఉన్నయి."

తట్ట ఎత్తుకుని షెడ్డు అవతలి కొసకు, పాత మిషను దగ్గరికి నడిచింది. ఒకరి తర్వాత ఒకరు మిగతా ఆడవాళ్లు కూడా తట్టలెత్తారు. సేటు ఇద్దరు ముగ్గుర్ని పేరు పెట్టి పిలిచాడు. "పాతదైతె పెడ్తం" అని ఒకామె వెనక్కి చూడకుండా అంది. బయట బండ్లు వరస కట్టి ఉన్నాయి. సేటు కాసేపు కాయ చేతిలో పట్టుకుని నిలబడి, చివరికి "ఇయ్యాల్టికి పాతదే నడుపుండ్రి" అని గొణిగాడు. రేపటి సంగతి ఆయన అనలేదు. ఇది రాసేవరకైతే పచ్చ మిషను నోట్లోకి ఒక్క పుల్ల పోలేదు. దాని మెడలో బంతిపూలు ఎండి నల్లబడ్డాయి.

పాత మిషను మూత ఎత్తితే మూడో అంచు మొద్దుబారిపోయి కనిపించింది. "తిప్పుదామా?" అన్నాను. లచ్చవ్వ ఎవరితోనో చాయ్ తెప్పించి, సాసర్‌లో పోసి, సారు కూర్చునే స్టూలు మీద పెట్టింది. నేను చీల దూర్చాను. పానా తన చేతిలో ఉంది. బోల్టులు ఒక్కటి కూడా మొరాయించలేదు, గ్రీజు మీద మెత్తగా తిరిగాయి. ఒక్కొక్క పలకా లేచి, పక్కకు తిరిగి, గూట్లో కూర్చుంది.

ఇదే ఆఖరి అంచు. ఇది అరిగేలోపల కొత్త కత్తులు కావాలి. సారు కోసిచ్చిన రేకు అచ్చు నా దగ్గరుంది. ఆ ఎర్ర సబ్బు కూడా ఉంది, పంతులమ్మ దాచి ఉంచి, నిన్న గోడ మీద నుంచి అందించింది. ఎండి పగుళ్లు పట్టింది గాని నడుమ బొక్క అట్లనే ఉంది. రెండూ సంచిలో వేసుకుని ఈ శుక్రవారం పరకాల కొలిమికి పోతున్నాను. రంగు ఎక్కడ ఆపాలో నాకు తెలుసు.

ఆ రోజు మూత మూసేముందు లచ్చవ్వ, నేను లోపలికి చూశాం. రేకు బొక్కలోంచి ఎండ సరిగ్గా దిమ్మె మీద పడుతోంది. ఏ కంపా ఇంకా తగలని నాలుగో అంచు, నేరేడు పండు రంగులో, వరస వరసగా. స్టూలు మీద చాయ్ ఇంకా పొగలు కక్కుతోంది.